సిగరెట్టుపై చిన్నవారి పోరాటము

గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' పేరు వినని తెలుగు గృహము అరుదు. అందు గిరీశమువద్ద ఇంగ్లీషు చదువుకొనవచ్చిన వెంకటేశము, గురువుగారివలన తనకు అబ్బిన విద్య చుట్ట కాల్చుట ఒక్కటియేనని మొరపెట్టుకొనును. ఆ మాటకు మేమును నవ్వినవారమే. నవ్వు తీరిన పిదప మాత్రము ఒక సంగతి తోచును. పిల్లవానికి పొగ నేర్పినవాడు పెద్దవాడు. పొగ త్రాగితివేల యని చెవి మెలిపెట్టువాడును పెద్దవాడే. ఇద్దరి నడుమ పిల్లవాని మాట ఏమని అడిగినవారు లేరు. ఈ ప్రసంగమున మేము చెప్పబూనినది ఆ పిల్లవాడు తానే నోరు విప్పిన కథ. అది అమెరికా దేశమున జరిగినది. దానికి ఇంచుమించు నూరేండ్లు పట్టినది.

ఆ నాటకము మొదట అచ్చయినది 1897లో. ఆ కాలముననే, సముద్రములకు ఆవల, సిగరెట్టు కొత్తగా బాలుర చేతులలోనికి వచ్చుచుండెను. అంతకుముందు అది చేతితో చుట్టవలసిన వస్తువు. నేర్పరియైన పనివాడు ఉదయము మొదలు సాయంకాలమువరకు కూర్చున్నను మూడువేలకు మించి చుట్టలేకుండెను. 1880లో జేమ్సు బోన్సాకు అను యువకుడు సిగరెట్లు చుట్టు యంత్రమును కల్పించెను. ఉత్తర కరోలినా రాష్ట్రమున డర్హాము పట్టణపు వర్తకుడైన జేమ్సు డ్యూకు ఆ యంత్రమును 1884లో తన కర్మాగారమున నిలిపెను. అది పది గంటలలో లక్షా ఇరువదివేల సిగరెట్లను వెడలగ్రక్కెను. ఇన్ని సిగరెట్లను త్రాగువారేరి? యంత్రము ముందు వచ్చినది. దానికి తగినంతమంది త్రాగువారిని పిదప తయారు చేయవలసి వచ్చినది. పది సిగరెట్ల పెట్టె వెల 5 సెంట్లకు దిగెను. పెట్టె లోపల రంగుల బొమ్మచీటి నొకటి ఉంచిరి. నటీమణులు, రాజులు, జెండాలు, బేస్‌బాలు ఆటగాండ్రు — ఆ చీటీలను పోగుచేయుట బాలురకు వెర్రియైనది. చీటీ కొరకు పెట్టె కొనినవాడు, పెట్టె చేతికి వచ్చిన పిదప లోనిదానిని పారవేయునా?

ఇచట ఒక చిన్న ముచ్చట. 1909 మొదలు 1911 వరకు వెలువడిన చీటీలలో హోనసు వాగ్నరు అను ప్రసిద్ధ ఆటగాని చీటీ మిక్కిలి అరుదైనది. తన బొమ్మ కొరకు పిల్లలు పొగాకు కొనుట ఇష్టములేక ఆయన దానిని ఆపించెనని కొందరు చెప్పుదురు. డబ్బు ఇయ్యనందున ఆపించెనని మరికొందరు చెప్పుదురు. ఏది నిజమైనను, పట్టుమని కొన్ని పదులు మాత్రమే మిగిలిన ఆ చీటీలలో ఒకటి 2022లో 72 లక్షల డాలర్లకు పైగా అమ్ముడుపోయినది.

బాలుర చేతులలోని సిగరెట్టును చూచి మొదట కలవరపడినవారు ఉపాధ్యాయినులు. వారిలో పేరెన్నికగన్నది లూసీ పేజి గాస్టను. ఆమె 1860లో జన్మించెను, బడిపంతులమ్మగా పనిచేసెను, మద్యపానమును మానుపుటకు పాటుపడిన క్రైస్తవ మహిళా సంఘమున ఆరితేరెను. 1899లో ఆమె చికాగో నగరమున సిగరెట్టు వ్యతిరేక సంఘమును స్థాపించెను. బాలబాలికలను చేర్చుకొని, పొగ ముట్టమని వారిచేత ప్రతిజ్ఞ చేయించి, సంఘపు చిహ్నమును చొక్కాకు గ్రుచ్చుచుండిరి. వీధిలో సిగరెట్టు కాల్చు కుర్రవాడు కనబడినచో ఆమె నిలవేసి మందలించుచుండెను. ఆమె పట్టుదల సామాన్యము కాదు. 1920లో తాను దేశాధ్యక్ష పదవికి నిలబడుదునని ప్రకటించునంత వరకు పోయెను.

ఆ ఉద్యమము వట్టిపోలేదు. 1893లో వాషింగ్టను రాష్ట్రముతో మొదలై పదికి పైగా రాష్ట్రములు సిగరెట్ల అమ్మకమునే నిషేధించెను. ఇంగ్లండులోను 1908 నాటి బాలల చట్టము పదునారేండ్లలోపు వారికి పొగాకు అమ్మరాదని శాసించెను. కాని 1917లో అమెరికా మహాయుద్ధమున దిగెను. సైన్యము సిగరెట్టును సిపాయి దినబత్తెముతో చేర్చెను. నిన్నటివరకు దుర్వ్యసనమనిపించుకొన్నది వీరుని లక్షణమైపోయెను. తిరిగివచ్చిన వీరుని ఎవరు మందలింపగలరు? నిషేధములు ఒకటొకటిగా రద్దయ్యెను. కడపటిదగు కాన్సాసు రాష్ట్రపు నిషేధము 1927లో తొలగెను. లూసీ గాస్టను అంతకు మూడేండ్ల ముందే, 1924లో, కంఠమున పుట్టిన పుండుతో మరణించెను.

ఆమెను పరిహసించుట సులభము. నాటి పత్రికలు చాలినంత పరిహసించినవి. మేము ఆ పని చేయము. సిగరెట్టు దేహమునకు చేయు కీడును శాస్త్రజ్ఞులు లెక్కలతో నిరూపించుటకు అర్ధశతాబ్దము ముందే ఆమె దానిని శంకించినది. అయినను ఆమె సంఘమున ఒక లోపము కలదు. ప్రతిజ్ఞ వ్రాసినది పెద్దలు, చదివినది పిల్లలు. దోషమంతయు త్రాగు బాలునిదే. ఐదు సెంట్ల పెట్టెలో బొమ్మచీటి పెట్టినవాని సంగతి ఆ ప్రతిజ్ఞ పలుకు పిల్లల నోట రాదు.

ఇక రేడియో కథ. ఇది మన శ్రోతల ఇండ్లకు దగ్గరి విషయము కనుక కొంచెము నిలిచి చెప్పుదుము. అమెరికాలో రేడియో మొదటినుండియు వర్తకుల ధనముతో నడచినది. 1933 మొదలు ఒక సిగరెట్టు కంపెనీ కార్యక్రమములలో, హోటలు కుర్రవాని దుస్తులు ధరించి, ఆ కంపెనీ పేరును రాగము తీసి పిలుచు ఒక గొంతు దేశమంతట మారుమ్రోగెను. ఆ గొంతు జానీ రోవెంటీని అను అతనిది. అతడు వయసు వచ్చినవాడే. ఎత్తు మాత్రము నాలుగడుగులకు లోపు. వినువారికి అది బాలుని పిలుపువలెనే తోచును. 1935లో మొదలైన 'యువర్ హిట్ పరేడ్' అను పాటల కార్యక్రమము, వారమువారము జనము మెచ్చిన పాటలను వినిపించునది, మరియొక సిగరెట్టు కంపెనీ పోషణలోనిది. పడుచువారు పాట కొరకు రేడియో త్రిప్పుదురు. పాటతోపాటు సిగరెట్టు పేరును చెవిలో పడును. బొమ్మచీటి చేసిన పనిని ఇపుడు పాట చేసెను.

1950లో ఇంగ్లండున డాలు, హిల్లు అను వైద్యశాస్త్రజ్ఞులును, అమెరికాలో విండరు, గ్రాహాములును ఊపిరితిత్తుల క్యాన్సరుకు సిగరెట్టుతో గల సంబంధమును వెల్లడించిరి. 1964 జనవరి 11న అమెరికా ప్రభుత్వపు ప్రధాన వైద్యాధికారి నివేదిక అదే మాటను అధికారముతో చెప్పెను. అయినను ప్రకటనలు ఆగలేదు.

అపుడు జాన్ బాంజాఫు అను ఇరువదియారేండ్ల న్యాయవాది ఒక ఉత్తరము వ్రాసెను. వివాదగ్రస్త విషయమున ఒక పక్షము మాట వినిపించు ప్రసార సంస్థ రెండవ పక్షమునకును చోటు ఈయవలెనని నాడు అమెరికాలో ఒక నియమము ఉండెను. సిగరెట్టు ప్రకటన ఒక పక్షమైనపుడు, సిగరెట్టు హానికరమను మాట రెండవ పక్షము కాదా యని అతని ప్రశ్న. 1967లో ప్రసారముల కమిషను ఔనని తీర్పు చెప్పెను. ఆపై మూడేండ్లు, కంపెనీల ప్రకటనలు మూడు వచ్చినచో పొగ మానుమను ప్రకటన ఒకటి చొప్పున, ఉచితముగా, రేడియోలోను టెలివిజనులోను వినవచ్చెను. ఆ ఏండ్లలో దేశమున తలకు ఇన్ని యను సిగరెట్ల వాడుక తగ్గెను. పిదప శాసనసభ ప్రసారములలో సిగరెట్టు ప్రకటనలనే నిషేధించెను. నిషేధము 1971 జనవరి 2న అమలయ్యెను. జనవరి 1న ఏల కాలేదని శ్రోతలు అడుగవచ్చును. సంవత్సరాది నాటి ఫుట్‌బాలు పోటీల ప్రకటనల రాబడి పోకుండుటకు ఒకనాడు ఓపిక పట్టిరి! వింతయేమనగా, ప్రకటనలు పోవుటతో వాటికి బదులుగా వచ్చుచుండిన ఉచిత హెచ్చరికలును చాలవరకు మాయమయ్యెను. కంపెనీలు గోడలకును, పత్రికలకును, క్రీడామైదానములకును తరలిపోయినవి.

1988లో అట్టి గోడలమీద జో క్యామెలు అను ఒంటె బొమ్మ వెలసెను. నల్లకండ్లద్దములు, పెదవిపై సిగరెట్టు. 1991లో అమెరికన్ వైద్యసంఘపు పత్రికలో ఒక పరిశీలన వెలువడినది. ఆరేండ్ల పిల్లలకు బొమ్మలు చూపగా, నూటికి 91 మంది ఆ ఒంటెను సిగరెట్టుతో జతపరచిరట. మిక్కీ మౌసును గుర్తించినంత చక్కగా ఒంటెను గుర్తించిరట. ఇంకను బడిలో ఓనమాలు దిద్దు వయస్సు అది! కంపెనీ 1997లో ఒంటెను ఉపసంహరించెను. అది బడిపిల్లలకొరకు కాదని అంతవరకును వాదించుచునేయుండెను. కాని కోర్టులకెక్కిన కేసులలో ఆ కంపెనీల లోపలి కాగితములు లక్షలకొలది బయటపడినవి. అందు 1984 నాటి ఒక నివేదిక, చనిపోయిన లేక మానుకొన్న వారి స్థానమును భర్తీ చేయగలవారు యువకులు మాత్రమేనని లెక్కగట్టి చెప్పుచున్నది. 

అమెరికా దక్షిణపు కొసనున్న ఫ్లోరిడా రాష్ట్రము 1995లో పొగాకు కంపెనీలపై దావా వేసినది. పొగవలన రోగులైన పేదల వైద్యమునకు తాను పెట్టిన వ్యయమును తిరిగి ఈయవలెనని ఆ రాష్ట్రపు కోరిక. 1997 ఆగస్టులో రాజీ కుదిరెను: ఇరువదియైదేండ్లలో 1,130 కోట్ల డాలర్లు. అందు 20 కోట్ల డాలర్లను పిల్లలు పొగ త్రాగకుండునట్లు చేయుటకు విడిగా ఉంచిరి. గవర్నరు లాటను చైల్సుగారి ప్రభుత్వము ఈ సొమ్ముతో ఏమి చేయవలెనని పెద్దలను మాత్రమే అడుగలేదు. 1998 మార్చిలో రాష్ట్రపు నలుమూలలనుండి సుమారు 600 మంది బాలబాలికలను సమావేశపరచి వారినే అడిగెను.

వారికి తెలియనిదేమియు లేదని తేలెను. పొగ చంపునని ప్రతి పిల్లవానికిని తెలియును. తెలిసియు త్రాగుచున్నాడు, ఏలయన ఇంటివారు, బడివారు వద్దన్న పనిని చేయుట తాను పెద్దవాడనైతినని చాటుకొనుట. ఇట్టివానికి మరల హితబోధ చేయుట అగ్నిలో ఆజ్యము పోయుటయే. ఆ పిల్లలు కోరినది వేరు: కంపెనీలు మమ్ము గూర్చి ఏమి వ్రాసికొన్నవో మాకు చూపుడు, మిగిలినది మేము చూచుకొందుము. లూసీ గాస్టను నాడు ప్రతిజ్ఞలో లేని మాట ఇదియే. తిరుగుబాటు చేయు వయస్సు గలవానికి తిరుగబడవలసిన చోటు చూపినచో చాలునని పెద్దలకు అపుడు తెలిసినది.

ఆ సభనుండి 'పొగాకుపై పనిచేయు విద్యార్థులు' అను సంఘము పుట్టెను. దాని ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరములు కలిపిన 'స్వాట్' అగును. ఆ మాటకు ఈగను చటుక్కున కొట్టుట యని అర్థము. పిల్లల చమత్కారము చూడుడు. వారి ప్రచారమునకు 'ట్రూత్', అనగా 'సత్యము' అని పేరు. 1998 ఏప్రిలు నుండి వారి ప్రకటనలు టెలివిజనులో మొదలయ్యెను. కొన్నిటిలో పిల్లలే కంపెనీల అధికారులకు టెలిఫోను చేసి, అడుగవలసిన ప్రశ్నలు మర్యాదగా అడుగుదురు. ఆవలివారు నీళ్ళు నమలుదురు. ఆ వేసవిలో విద్యార్థులు ఒక రైలెక్కి రాష్ట్రమంతట ఊరూర దిగి సభలు జరిపిరి. పత్రికలలోని సిగరెట్టు ప్రకటనలను చింపి, మాకు అక్కరలేదని చీటీ అంటించి, కంపెనీలకే తపాలాలో తిరుగగొట్టిరి. ఒకప్పుడు పెట్టెలోని బొమ్మచీటీలను దాచుకొన్న పిల్లల మునిమనుమలు చేసిన పని యిది.

ఫలితము లెక్కలలో కనబడెను. 1998లో ఫ్లోరిడా మాధ్యమిక పాఠశాలలలో నూటికి 18.5 మంది సిగరెట్టు త్రాగుచుండగా, 2000 నాటికి 11.1 మంది మాత్రమే త్రాగుచుండిరి. ఉన్నత పాఠశాలలలో 27.4 నుండి 22.6కు దిగెను. రెండేండ్లలో ఇంతటి మార్పు అరుదు. 2000 ఫిబ్రవరిలో ఈ ప్రచారమే దేశమంతటికి వ్యాపించెను. ఒక ప్రకటనలో యువకులు న్యూయార్కునగరమున ఒక పెద్ద కంపెనీ కార్యాలయము ముంగిట శవములను ఉంచు సంచులు 1,200 పేర్చిరి. నాటి లెక్కల ప్రకారము పొగాకు ఒకనాటిలో తీయు ప్రాణములు అన్ని. 1999లో దేశమున నూటికి 25.3 మంది విద్యార్థులు త్రాగుచుండగా 2002లో 18 మందికి తగ్గిరి. ఆ తగ్గుదలలో ఇంచుమించు అయిదవవంతు ఈ ప్రచారమువలననేయని పరిశోధకులు అంచనా కట్టిరి.

కంపెనీలును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1998లో ఒక పెద్ద కంపెనీ తానే 'ఆలోచింపుము, పొగ త్రాగకుము' అను ప్రచారము నడిపెను. తరువాతి పరిశీలనలో, దానిని చూచిన పిల్లలకు ఆ కంపెనీలమీద మునుపటికంటె సదభిప్రాయము కలిగినదని తేలెను! మరియొక కంపెనీకి ఒక రేడియో ప్రకటన మిక్కిలి కోపము తెప్పించెను. అందు ఒకడు ఆ కంపెనీకి టెలిఫోను చేసి, నేను కుక్కలను షికారు త్రిప్పువాడను, మీ సిగరెట్లలో యూరియా కలదట, కుక్కల మూత్రము మీకు అమ్ముదునా యని అడుగును. రుచికి మోటుగా తోచును. మేమైనచో ఇంకొక మాట ఎంచుకొందుమేమో. కాని ఆ మాట మోటుదనమే కుర్రవారి చెవికి ఎక్కినది. అది నిందాప్రచారమని కంపెనీ వాదమునకు దిగెను. ఏండ్లు గడచిన తరువాత 2006 జులైలో డెలవేరు రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము ప్రచారము పక్షముననే తీర్పు చెప్పినది.

ఈ పద్ధతి మన దేశమునకును వచ్చినది. 2004 మొదలు 2006 వరకు ఢిల్లీ, చెన్నై నగరములలో 32 పాఠశాలలలో ఒక ప్రయత్నము జరిగెను. ఆరవ, ఎనిమిదవ తరగతుల పిల్లలలోనుండియే నాయకులను ఎన్నుకొని, వారిచేతనే తోటివారికి పొగాకు సంగతులు చెప్పించిరి. రెండేండ్ల పిదప చూడగా, ఈ ప్రయత్నము జరిగిన పాఠశాలలలో పొగాకు వాడుక నూటికి 17 వంతులు తగ్గెను. జరుగని పాఠశాలలలో 68 వంతులు పెరిగెను. 2003 నాటి మన చట్టము పదునెనిమిదేండ్లలోపు వారికి పొగాకు అమ్మరాదనియు, విద్యాసంస్థకు వంద గజములలో అమ్మరాదనియు చెప్పుచున్నది. అయినను 2019 నాటి దేశవ్యాప్త పరిశీలనలో పదుమూడు మొదలు పదునైదేండ్ల విద్యార్థులలో నూటికి 8.5 మంది ఏదో రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలినది.

తెలుగువారము ఈ విషయమును ఒడ్డున నిలిచి చూచువారము కాము. డ్యూకు యంత్రములకు మేతయైన వర్జీనియా జాతి పొగాకే 1920 దశకమున గుంటూరు సీమలో నాటుకొన్నది. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనాలయమును, 1976లో గుంటూరున పొగాకు బోర్డును వెలసినవి. బ్యారనులో ఆకు కాల్చి బేళ్ళు కట్టి, ఆ సొమ్ముతో బిడ్డలను బడికి పంపిన రైతు ఇండ్లు కృష్ణకు దక్షిణమున ఎన్నియో కలవు. ఆ రైతు తన కుమారుడు సిగరెట్టు ముట్టవలెనని ఎన్నడును కోరడు. ఆకు పండించినవాని పేరు ఎత్తకుండ, దానిని పిల్లవానికి అంటగట్టినవాని పేరు అడుగుట సాధ్యమేనని ఫ్లోరిడా పిల్లలు చూపిరి. తెలుగు బడులలో ఇట్టి పనికి పూనుకొనువారు ఆ భేదమును మరువకుండవలెను. లేకున్న రైతు బిడ్డ తలవంచుకొని బయటకు నడచును.

మరల ఫ్లోరిడాకు పోదము. ఆ పిల్లలను సభకు పిలిపించిన గవర్నరు చైల్సుగారు 1998 డిసెంబరులో, పదవి ఇంకను ముగియకమునుపే, ఆకస్మికముగా మరణించిరి. మరుసటి సంవత్సరమే రాష్ట్ర శాసనసభ ఈ ప్రచారపు సొమ్మును తగ్గించెను. సత్ఫలితములు వచ్చుచున్నవని లెక్కలు చేతికందుచుండగనే తగ్గించెను. విద్యార్థులు వెళ్ళి మొరపెట్టుకొనిరి. ఏటేట కోతపడి, 2003లో మిగిలినది 10 లక్షల డాలర్లు. అంతటి రాష్ట్రమునకు అది బూడిదలో పోసిన పన్నీరు. టెలివిజను ప్రకటనలు ఆగిపోయెను. ఊరూరి సంఘములు చాలవరకు చెదరిపోయెను. పిల్లలను పొగ త్రాగవద్దనుటలో పెద్దలందరును ఏకాభిప్రాయులే. ఆ పిల్లలకు మాటాడు అవకాశము ఇచ్చి, దానికి తగిన సొమ్ము ఇచ్చుట యనగానే అభిప్రాయభేదములు పుట్టుకొనివచ్చినవి.

అంతట వైద్యసంఘములును ఆరోగ్యసంస్థలును సంతకములు సేకరించి, విషయమును నేరుగా ప్రజల ఓటునకు పెట్టించిరి. పొగాకు కంపెనీలనుండి రాష్ట్రమునకు 2005లో వచ్చిన సొమ్ములో నూటికి 15 వంతులకు సమానమైన మొత్తము, ధరల పెరుగుదల కలుపుకొని, ఏటేట ఈ పనికి వెచ్చింపవలెనని రాష్ట్ర రాజ్యాంగముననే వ్రాయవలెనని ప్రతిపాదన. శాసనసభ తిరిగి చేయిపెట్టుటకు వీలు లేకుండ చేసిన కట్టుబాటు అది. 2006 నవంబరులో ఓటింగు జరిగెను. నూటికి 60 మందికి పైగా ఔననిరి. 1998 మార్చిలో పదునైదేండ్ల వయస్సున ఆ సభకు వచ్చినవారికి అప్పటికి ఇరువదిమూడేండ్లు. వారికిని ఓటు వచ్చియుండెను.